ఆ ‘అబౌట్’ మన ‘గురించే’

తెలుగు శాఖ గోడపత్రికలో ఇంగ్లీషు గొడవేమిటి, దారి తప్పి వచ్చావా అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. మా మేడం కూడా అదే అడిగారు. "పక్క బ్లాకులో ఇంగ్లీషు వాళ్ళ బోర్డు ఖాళీగానే ఉంది కదమ్మా" అన్నారు. ఉండనీండి. ఇది మాత్రం ఇక్కడే అంటించాలి. నేను చెప్పబోయే తప్పులన్నీ మనకు తెలుగు వచ్చినందువల్ల పుట్టినవి. వాటి సంగతి తెలుగు శాఖ కాకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

పోయిన సెమిస్టరులో ఒక ఆఫీసుకి ఇంటర్న్‌షిప్ కోసం వెళ్ళాను. పేరెందుకులెండి. అక్కడ ముందు రాత పరీక్ష పెట్టారు. అరగంట టైము, ఒక తెల్లకాగితం, ఫోన్లు బయట బుట్టలో. మీ వీధిలో నీళ్ళ పైపు పగిలింది, సంబంధించిన అధికారికి ఉత్తరం రాయండి, అంతే ప్రశ్న. ఉత్తరాలు రాయడం నాకు కొత్తేమీ కాదు. హిందూపురంలో మా వీధి వాళ్ళందరికీ అర్జీలు రాసిపెట్టింది నేనే. ఇరవై నిమిషాల్లో రాసిచ్చేశాను.

లోపలికి పిలిచినప్పుడు ఆ కాగితం బల్ల మీద ఉంది. దాని మీద ఎర్ర ఇంకుతో నాలుగు సున్నాలు. ‘వుయ్ ఇన్‌ఫార్మ్‌డ్ టు ద ఇంజనీర్’ అన్నచోట ‘టు’ చుట్టూ ఒకటి. ‘వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అన్నచోట ‘అబౌట్’ చుట్టూ ఒకటి. ‘ఐ ఎంఫసైజ్ ఆన్ ద అర్జెన్సీ’లో ‘ఆన్’కి ఒకటి, ‘ఐ రిక్వెస్ట్ ఫర్ యువర్ యాక్షన్’లో ‘ఫర్’కి ఒకటి. స్పెల్లింగు తప్పు ఒక్కటి లేదు. టెన్సు తప్పు లేదు. నాలుగూ చిన్న చిన్న మాటలే, రెండక్షరాలో మూడక్షరాలో.

అక్కడున్న మేడం నన్ను చూసి "తెలుగేనా అమ్మా?" అన్నారు. పేరు చూసి అడిగారనుకున్నా. కాదట, ఆ నాలుగు సున్నాలు చూసి అడిగారట. "మాది కర్నూలు. నేనూ ఇవే రాసేదాన్ని. కన్నడం వాళ్ళూ ఇవే రాస్తారు, అందుకే తెలుగా కన్నడమా అని ఒక్క డౌటు ఉండె" అని నవ్వారు. నవ్వులో ఎగతాళి లేదు కానీ ఇంటర్న్‌షిప్ కూడా రాలేదు. ఆ నాలుగు మాటల వల్లే రాలేదని నేను అనను. వాటి వల్ల కాదని కూడా అనుకోలేను.

మెజెస్టిక్‌లో బస్సు మారేదాకా అదే ఆలోచన. నా నాలుగు వాక్యాలను తెలుగులోకి తిప్పి చూసుకున్నాను. ఇంజనీరుకి తెలియజేశాం. సమస్య గురించి చర్చించాం. అత్యవసరం అన్న మాట మీద నొక్కి చెబుతున్నాను. చర్య కోసం విన్నవిస్తున్నాను. నాలుగూ సలక్షణమైన తెలుగు! ఏ తెలుగు మేష్టారూ ఒక్క సున్నా కూడా చుట్టడు. కి అన్నచోట టు, గురించి అన్నచోట అబౌట్, మీద అన్నచోట ఆన్, కోసం అన్నచోట ఫర్. నేను ఇంగ్లీషు మాటలతో తెలుగు విభక్తులు రాసి వచ్చాను.

ఇప్పుడు మన సబ్జెక్టులోకి వద్దాం. పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం తెచ్చారు. అందులోని విభక్తుల పట్టిక మనందరం చిన్నప్పుడు పాటలాగా వల్లించిందే. డు ము వు లు ప్రథమా విభక్తి. నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి. ఇక్కడ కాస్త ఆగండి. ‘గురించి’ ఎక్కడుంది? ద్వితీయలో, ‘ని’ పక్కన, ‘ను’ పక్కన. అంటే కర్మకు తగిలించే ప్రత్యయాల వరసలో. ఈ పట్టికను ఎన్ని వందలసార్లు అప్పజెప్పి ఉంటానో, ఆ ‘గురించి’ అక్కడెందుకు కూర్చుందని ఒక్కసారీ అడగలేదు. ‘సమస్యను చర్చించాం’ అన్నా, ‘సమస్య గురించి చర్చించాం’ అన్నా మనకు పని ఒకటే. ఇంగ్లీషులో ‘డిస్కస్’ అనే క్రియ తన కర్మను నేరుగా పక్కన కూర్చోబెట్టుకుంటుంది. ‘అబౌట్’ దాని కడుపులోనే ఉంది. మళ్ళీ మనం ఇంకో ‘అబౌట్’ తగిలిస్తే ద్వితీయకు ద్వితీయ పెట్టినట్టు. ‘సమస్యనుని చర్చించాం’ అంటే ఎలా ఉంటుందో అలా వినిపిస్తుంది వాళ్ళకి.

ఇది విన్నాక మా క్లాసు కన్నడ అమ్మాయి ‘బగ్గె’ అంది. తమిళ అమ్మాయి ‘పట్రి’ అంది. ఇద్దరూ డిస్కస్ అబౌటే రాస్తారు. డిస్‌క్రైబ్ అబౌట్, మెన్షన్ అబౌట్ కూడా. పక్కపక్క ఇళ్ళ వాళ్ళం కదా, ఒకే బావి నీళ్ళు.

అసలు ఇంగ్లీషుకి కూడా ఒకప్పుడు మనలాగే విభక్తులుండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నామవాచకం చివర మారేది, ఆ మార్పును బట్టి కర్త ఏదో కర్మ ఏదో తెలిసేది. కాలక్రమంలో అవన్నీ అరిగిపోయి, హి, హిమ్ లాంటి నాలుగు మాటల్లో మాత్రం ఆనవాళ్ళు మిగిలాయి. ఆ పనిలో చాలా భాగం ప్రిపోజిషన్ల నెత్తిన పడింది. మనకు మాట వెనక వచ్చేది వాళ్ళకు మాట ముందు వస్తుంది, తేడా అంతే అనుకుంటాం. అంతే కాదు. ఏ క్రియకి ఏది కావాలో ఆ క్రియే చెబుతుంది. మన ‘మీద’కి వాళ్ళ ‘ఆన్’ అని ఒకసారి ఖాయం చేసుకుని అన్నిచోట్లా పెడితే కుదరదు. ‘డిపెండ్ ఆన్’లో కుదిరింది, మీద ఆధారపడటం కాబట్టి. ‘నా మీద కోపం’ అన్నప్పుడు ‘యాంగ్రీ ఆన్ మి’ కుదరదు, అక్కడ ‘విత్’ రావాలి. ‘తో’కి ‘విత్’ కదా అని ‘మ్యారీడ్ విత్’ అంటాం, అక్కడ ‘టు’ రావాలి. పెళ్ళి విషయంలో వాళ్ళు మనకంటే దూరం పాటిస్తారేమో!

కర్మ అన్నాను కదా, మన వ్యాకరణంలో సకర్మక క్రియ, అకర్మక క్రియ అని చదువుకున్నాం. పరీక్షకి రెండు మార్కుల ప్రశ్న, అంతకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా మటుకు నాకు ఈ గొడవలో సగం తాళం చెవి అదే. మనకు ‘వినడం’ సకర్మకం, పాట వింటాం. వాళ్ళ ‘లిజన్’ అకర్మకం, ‘టు’ లేకపోతే పాట దగ్గరికి పోలేదు. అందుకే ‘లిజనింగ్ మ్యూజిక్’ అనేస్తుంటాం. మనం చెత్తను పారేస్తాం, కాబట్టి మా పీజీ గోడ మీద ‘ప్లీజ్ డిస్పోజ్ ద వేస్ట్ ఇన్ ద బిన్’ అని ఉంది. అక్కడ ‘డిస్పోజ్ ఆఫ్’ ఉండాలి. అక్కర్లేని చోట పెడుతున్నాం, కావలసిన చోట వదిలేస్తున్నాం. రెండు తప్పులకూ తల్లి ఒకటే.

ఒక్కోసారి నవ్వులాటగా కూడా ఉంటుంది. మా రూమ్‌మేట్ మార్క్స్ కార్డు పోగొట్టుకుని డూప్లికేటు కోసం అర్జీ రాసింది. ‘ఐ సెర్చ్‌డ్ మై మార్క్స్ కార్డ్ ఎవ్రీవేర్’ అని. ‘సెర్చ్’ పక్కన ‘ఫర్’ లేకపోతే ఆ కార్డునే తడిమి తడిమి అందులో ఏదో వెతికినట్టు అర్థం. పాపం, అందులో వెతికితే దొరికేవి మార్కులే.

‘ఇన్‌ఫార్మ్’ సంగతి మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన అర్జీల్లో ఇది లేనిది ఒక్కటీ ఉండదు. మనం మనిషి‘కి’ విషయా‘న్ని’ తెలియజేస్తాం. మనిషి చతుర్థిలో ఉంటాడంటారు సంస్కృతం వాళ్ళు, చిన్నయసూరి పట్టికలో అయితే ‘కి’ షష్ఠిలో ఉంది. ఏదైనా గానీ, మనకు మనిషి కర్మ కాడు, విషయం కర్మ. ఇంగ్లీషు ‘ఇన్‌ఫార్మ్’ దగ్గర ఇది తలకిందులవుతుంది. మనిషే కర్మ, ‘టు’ అక్కర్లేదు. విషయానికే ‘ఆఫ్’ గానీ ‘అబౌట్’ గానీ కావాలి. ‘వుయ్ ఇన్‌ఫార్మ్‌డ్ ద ఇంజనీర్ ఆఫ్ ద లీక్’ అని నేను రాసి ఉండాల్సింది. ‘టెల్’ కూడా ఇలాగే మనిషిని నేరుగా పట్టుకుంటుంది. కానీ ‘సే’కి, ‘ఎక్స్‌ప్లెయిన్’కి ‘టు’ ఉండాలి. ‘నాకు వివరించండి’ అనే తెలుగును ఉన్నదున్నట్టు దింపితే ‘ఎక్స్‌ప్లెయిన్ టు మి’ అని సరిగ్గా వచ్చేది. మనం మాత్రం అక్కడ తెలివి చూపించబోయి ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అంటాం.

ఇంత తికమకలో కూడా మనలో ఎవ్వరం తప్పు రాయని ప్రిపోజిషన్ ఒకటుంది. గమనించారా? జ్వరం. తెలుగులో ‘జ్వరంతో’ బాధపడతాం. లెక్కప్రకారం ‘సఫరింగ్ విత్ ఫీవర్’ అని రాయాలి. కానీ ఏ ఊరి బడిలో చదివినా, ఏ మీడియంలో చదివినా, లీవ్ లెటర్‌లో అందరం ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అనే రాస్తాం. మూడో తరగతిలో ఆ వాక్యం మొత్తం మన నోట్లో పడిపోయింది కాబట్టి. ‘సఫర్’ వేరు, ‘ఫ్రమ్’ వేరు అని మనకు తెలియదు, అదంతా ఒకే ముక్క. అదే ఉత్తరంలో తరవాతి లైనులో ‘అనేబుల్ టు అటెండ్ టు ద క్లాసెస్’ అని రాస్తాం, క్లాసు‘కి’ వెళ్ళలేదు కాబట్టి. ‘అటెండ్ టు’ అంటే పట్టించుకోవడం, బాగోగులు చూసుకోవడం. నర్సు రోగికి చేసే పని. క్లాసుకి ఉత్త ‘అటెండ్’ చాలు.

ఈ లీవ్ లెటర్ వల్లే నాకు ఒక సంగతి అర్థమైంది. లైబ్రరీలో రెన్ అండ్ మార్టిన్ ఉంది. మన దేశపు బడిపిల్లల కోసమే 1930ల్లో రాసిన పుస్తకం, మా నాన్నా అదే చదివారు. అందులో ఏ మాట పక్కన ఏ ప్రిపోజిషన్ రావాలో పేజీలకు పేజీలు జాబితా. నేను రెండు రాత్రులు కూర్చుని బట్టీ పట్టాను. మూడో రోజుకి ‘అబ్‌స్టెయిన్’ పక్కన ‘ఫ్రమ్’ ఒక్కటి మిగిలింది. జాబితా చదవడం టెలిఫోను డైరెక్టరీ చదవడం లాంటిది. ఆ మాటలతో మనకు పని పడలేదు, అవి మన దగ్గర ఎందుకుంటాయి?

దానికంటే నాకు పనికొచ్చింది హార్న్‌బీ గారి నిఘంటువు. ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లీషాయన జపాన్‌లో పాఠాలు చెబుతూ, తన విద్యార్థులు ఎక్కడెక్కడ తడబడుతున్నారో చూసి, ఇద్దరు తోటివారితో కలిసి ఒక నిఘంటువు తయారుచేశారు. 1942లో టోక్యోలో అచ్చయింది. తరవాత 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. ఈరోజు మన లైబ్రరీలో ఉన్న ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ ఆ వంశమే. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాడికి ‘డిస్కస్’ అర్థం చాలు. మనకు అది ఎవరిని పక్కన కూర్చోబెట్టుకుంటుందో కూడా కావాలి. ఆ డిక్షనరీలో క్రియ పక్కనే అది ఉంటుంది. ‘డిస్కస్’ దగ్గరైతే ‘అబౌట్’ పెట్టవద్దని ప్రత్యేకంగా ఒక హెచ్చరిక కూడా. అంటే ఈ తప్పు ప్రపంచమంతా చేస్తోందన్నమాట. ఆఫ్రికాలో నైజీరియా వాళ్ళూ డిస్కస్ అబౌటే అంటారట. కాస్త ధైర్యం వచ్చింది.

ఇంకొక చిట్కా నాకు నేనే కనిపెట్టాననుకున్నా, మా ఇంగ్లీషు లెక్చరర్ అది పాతదే అన్నారు. నా ఎర్ర సున్నాల్లో మూడు ఒకే జాతివి. క్రియగా ఉన్నప్పుడు ప్రిపోజిషన్ అడగని మాట, నామవాచకంగా మారగానే అడుగుతుంది. ఫీజు విషయం డిస్కస్ చేస్తే ఉత్త ‘డిస్కస్’, అదే ‘డిస్కషన్’ అయితే ‘అబౌట్’ కావాలి. సెలవు అడిగితే ‘రిక్వెస్ట్ లీవ్’, నా విన్నపం అంటే ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’. ‘ఎంఫసైజ్’కి ఏమీ వద్దు, ‘ఎంఫసిస్’కి ‘ఆన్’ కావాలి. ఆన్సర్, డిమాండ్, ఎంటర్ అన్నీ ఇంతే. నామవాచకం కర్మను నేరుగా పట్టుకోలేదు, మధ్యలో ఒక చెయ్యి కావాలి. మనం రెండు రూపాలూ కలగాపులగంగా విని, నామవాచకం చెయ్యిని క్రియకు అతికిస్తున్నాం. ‘అప్లై’, ‘కంప్లెయిన్’ లాంటివి ఈ లెక్కకి లొంగవు, వాటికి క్రియలో కూడా ప్రిపోజిషన్ ఉండాల్సిందే. అయినా మన అర్జీల్లో సగం తప్పులు దీంతో పోతాయని నా అనుభవం.

ఫోనులో దిద్దే యాప్ ఉండగా ఇదంతా ఎందుకే అంటుంది మా రూమ్‌మేట్. అర్జీ మొత్తం అందులో పోసి, తీసి, పంపేస్తుంది. ఇప్పుడు తనంతట తాను రెండు లైన్లు రాయాలన్నా భయం. కాగితం చూస్తే చెయ్యి ఆగిపోతోందట. పోయిన నెల ఒక స్కాలర్‌షిప్‌కి చేత్తో రాసిన ఉత్తరం అడిగితే అసలు పంపనే లేదు. నాలుగు సున్నాల కంటే అది పెద్ద నష్టం అనిపించింది నాకు. అయినా యాప్‌కి మన మనసులో ఏముందో తెలుస్తుందా? ‘అగ్రీ’ తీసుకోండి. మనిషి మాటతో ఏకీభవిస్తే ‘విత్’. ఒక ప్రతిపాదనకి ఒప్పుకుంటే ‘టు’. ఇద్దరం కూర్చుని ఒక షరతు మీద కుదుర్చుకుంటే ‘ఆన్’. మూడూ ఇంగ్లీషే, మూడూ కరెక్టే. హాస్టల్ ఫీజు పెంచుతాం అన్న ఉత్తరానికి జవాబు రాస్తూ ‘వుయ్ అగ్రీ విత్ ద ప్రిన్సిపల్’ అని రాస్తే ఒక అర్థం, ‘వుయ్ అగ్రీ టు ద హైక్’ అని రాస్తే జేబులోంచి డబ్బులు పోయే అర్థం. ఏది కావాలో రాసేవాళ్ళకే తెలియాలి.

ఇంకో స్నేహితురాలి వాదన వేరు. ఆగస్టు 29న ఇదే గోడ మీద గిడుగు రామమూర్తి గారి బొమ్మ పెట్టి వాడుక భాష గొప్పదని రాశాం కదా, ఇంగ్లీషుకి మాత్రం ఈ మడి ఎందుకు, మన దేశమంతా డిస్కస్ అబౌట్ అంటుంటే అదే మన ఇంగ్లీషు కాదా అంటుంది. ఇది కొట్టిపారేసే మాట కాదు. క్యాంటీన్‌లో నేనూ అలాగే అంటాను, అనడం మానను కూడా. కానీ గిడుగు వారు అడిగింది శిష్ట వ్యావహారికం, చదువుకున్నవాళ్ళు నలుగురి మధ్య వాడే భాష. దానికీ ఒక పద్ధతి ఉంది. నేను ఇంట్లో ‘ఏం చేస్తాండావు’ అంటాను, ఈ గోడ మీద అలా రాయలేదు. మా యాస అంటే సిగ్గుపడి కాదు, ఇక్కడ చదివేవాళ్ళు వేరు కాబట్టి. ఇంగ్లీషు అర్జీ కూడా అంతే. దాన్ని చదివేవాడు నా విషయం చూడాలి. నా ‘అబౌట్’ చుట్టూ సున్నా చుడుతూ కూర్చుంటే పగిలిన పైపు సంగతి ఎప్పుడు చూస్తాడు?

అందుకే శాఖవారిని ఒకటి అడుగుతున్నాను. ఫస్టియర్‌లో విభక్తుల పాఠం వచ్చినప్పుడు ఒక్క పీరియడు, ఒక్కటంటే ఒక్కటి, ఇంగ్లీషు క్రియలను కూడా పక్కన పెట్టి చెప్పండి. ఇంగ్లీషు లెక్చరర్లకు ‘గురించి’ ద్వితీయ అని తెలియకపోవచ్చు, అది వాళ్ళ తప్పు కాదు. దక్షిణాది టీచర్లకు ఇంగ్లీషు బోధన నేర్పే రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మన ఊళ్ళోనే, జ్ఞానభారతిలో ఉంది. మన పట్టిక వాళ్ళకి కూడా చూపించవచ్చు. ఇది మన దగ్గరున్న సరుకు, మనమే ఇవ్వాలి.

ఈలోగా ఈ బోర్డు కింద మేకుకి ఒక నోట్‌బుక్ వేలాడదీశాను. మీ అర్జీలో ఎవరైనా సున్నా చుట్టిన వాక్యం ఉంటే మొత్తం వాక్యం రాయండి, దాని కింద అది ఏ తెలుగు వాక్యం నుంచి వచ్చిందో రాయండి, దాని కింద సరైనది. పేరు రాయక్కర్లేదు. నావి నాలుగూ రాసేశాను.

ఆ పీరియడు అడుగుతూ శాఖకి ఉత్తరం ఇంగ్లీషులోనే రాశాను, ఆఫీసు ఫైలుకి వెళ్ళాలి కాబట్టి. ఏడుసార్లు దిద్దుకున్నాను. ‘రిక్వెస్ట్’ పక్కన ‘ఫర్’ లేదు, ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ లేదు. మేడం చదివి, సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టబోయి ఆగారు. చివరి లైనులో ‘వుయ్ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’ అని ఉంది. ‘హియర్’ కొట్టేసి ‘హియరింగ్’ అని రాశారు. "ఇక్కడ ‘టు’ ప్రిపోజిషనే కదమ్మా, దాని తరవాత నామవాచకమే రావాలి" అన్నారు, మా తెలుగు మేడం. నోట్‌బుక్‌లో ఐదో వాక్యం అదే.